అరువిచ్చిన ఊపిరి

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి, ఒకటి నాకు, ఒకటి మా బావకి. రెండూ పెన్షన్ ఫండు ఆఫీసు నుంచే. ఒకే రకం కవరు, ఒకే ముద్ర, కింద ఒకే గుమస్తా సంతకం. నాది చదివితే నేనింకెన్నాళ్లో ఉండను. బావది చదివితే ఆయన్ని రేపే పరుగు పందేనికి పంపొచ్చు.

బావంటే మా అక్క భర్త. ఇద్దరం ఒకే టైల్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తాం, కాకపోతే ఆయన లోపల, నేను బయట. ఆయనది పొడి సెక్షన్. మట్టినీ రాళ్లనీ మరలో పోసి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నలిపే చోటు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. నేను యార్డులో, ఆరుబయట, పెట్టెలు లారీలకెక్కిస్తాను. మా వాటాలు పక్కపక్కనే. మధ్యగోడ ఎంత పల్చన అంటే, పొద్దున నేను గడ్డం గీసుకునే సేపట్లో ఆయన ఎన్నిసార్లు దగ్గాడో చెప్పగలను. ఈ మధ్య గడ్డం పూర్తవుతోంది కానీ ఆ దగ్గు పూర్తి కావడం లేదు. మర దగ్గరికి ఎనిమిది మెట్లుంటాయి. అవి ఎక్కడానికి ఆయన మూడుసార్లు ఆగుతున్నాడు.

రెండు నెలల్లో ఆయనకి యాభై ఎనిమిది నిండుతాయి. మా దగ్గర రిటైరయ్యే వయసు అదే. అక్క క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ వస్తోంది. ఈ రెండు నెలలూ ఎలాగోలా గట్టెక్కితే, ఆ తర్వాత మనిషిని కుర్చీలోంచి లేవనివ్వనంటుంది. మా రెండిళ్ల ఆశా ఆ రెండు నెలల మీదే ఉంది.

అక్క ముందు నా ఉత్తరం చదివింది. “వరుసగా మూడేళ్లు మీ ఊపిరి పరీక్షలో అంకె హద్దుకన్నా తక్కువ వచ్చినందున మీరు అనారోగ్య పెన్షన్‌కు అర్హులు. వైద్య బోర్డు ముందు హాజరు కాగలరు.” చదివి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఆ పూటే వాళ్ల గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని రెండంతస్తులు ఎక్కి వచ్చి నించున్నాను నేను.

తర్వాత బావది చదివింది. “మీ ఊపిరితిత్తులు అత్యుత్తమ స్థితిలో ఉన్నాయి. మీ సెక్షన్ కార్మికుల ఆరోగ్యం ఏటేటా మెరుగుపడుతున్నందున, ఆ సెక్షన్‌కు రిటైరయ్యే వయసును యాభై ఎనిమిది నుంచి అరవైకి మార్చడమైనది.”

“కవర్లు మారిపోయుంటాయి,” అంది అక్క.

“మారలేదక్కా. ఫ్యాక్టరీ టోకెన్ నంబర్లు సరిగ్గానే ఉన్నాయి.”

“మరి ఇదేంటి?”

నేను బావ వైపు చూశాను. బావ కిటికీ వైపు చూశాడు. అక్క మా ఇద్దరి వైపూ చూసి, “ఏం చేశారు మీరిద్దరూ కలిసి?” అంది.

ఇక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. మా ఫ్యాక్టరీకి ఏడాదికోసారి ఊపిరి పరీక్ష వ్యాను వస్తుంది. గొట్టంలో గట్టిగా మూడుసార్లు ఊదితే మిషను ఒక అంకె చెబుతుంది. మూడొందలు దాటితే ఫిట్. దాటకపోతే ఆ మనిషిని పొడిలోంచి తీసి ప్యాకింగ్‌లో వేస్తారు. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ప్యాకింగ్‌లో దుమ్ము అలవెన్సు లేదు. పెన్షనేమో చివరి ఐదేళ్ల జీతం మీద లెక్కకడతారు, అందులో దుమ్ము అలవెన్సు కూడా కలుపుతారు. అంటే దగ్గు బయటపడితే జీతం తగ్గుతుంది, జీతం తగ్గితే పెన్షన్ తగ్గుతుంది. దగ్గు దాచుకున్నవాడికే ముసలితనంలో నాలుగు మెతుకులు. ఈ రూలు రాసినవాడెవడో నాకు కనబడితే కూర్చోబెట్టి మాట్లాడాలని ఎన్నోసార్లు అనుకున్నాను.

తొమ్మిదేళ్ల కింద, వ్యాను వచ్చిన రోజు, బావ యార్డులోకి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. “బామ్మర్దీ, ఈసారి గట్టెక్కేలా లేను. నీకు ఊపిరి దండిగా ఉంది. నాకోసం ఒక్కసారి ఊదిపెట్టు,” అన్నాడు. అడిగింది అక్క మొగుడు. అడిగింది డబ్బా దస్కమా, గాలి. కాదని ఎలా అంటాను?

అది కష్టం కూడా కాదు. వ్యానులో కూర్చునే పరీక్షలాయనకి దుమ్మంటే పడదు. తలుపు బిగించుకుని, చిన్న కిటికీలోంచి గొట్టం బయటికి అందిస్తాడు. మనం టోకెన్ లోపలికి అందించాలి. ఆయనకి కనబడేది ఒక చెయ్యి, ఆ చేతిలో టోకెన్. ఆ చెయ్యి ఎవరిదైతేనేం? మోచేతి దాకా కాస్త పొడి పూసుకుని బావ టోకెన్ ఇచ్చి ఊదాను. ఐదొందల ఇరవై. లోపల్నుంచి ఆయన, “బాగుందయ్యా పెద్దాయనా,” అని మెచ్చుకున్నాడు.

మంచిపని చేస్తే నలుగురికీ తెలుస్తుందంటారు. పై ఏడు ఇద్దరొచ్చారు. ఆపై ఏడు నలుగురు. చివరికి బావతో కలిపి పదకొండు మంది తేలారు. నాకు కొలిమితిత్తి అని పేరు కూడా పెట్టారు. మనిషికి మూడుసార్ల లెక్కన ముప్పై మూడుసార్లు ఊదేసరికి కళ్ల ముందు చుక్కలు తిరిగేవి. అందరివీ అయ్యాక, నా టోకెన్ నేను ఇచ్చుకునేవాణ్ణి. అప్పటికి నాలో మిగిలేది ఏముంటుంది? ఊదేవాళ్లు పెరుగుతున్నకొద్దీ నా అంకె తగ్గుతూ వచ్చింది. నాలుగొందలు, మూడొందల ముప్పై, ఆపైన మూడేళ్లూ మూడొందల లోపే, పోయినేడు రెండొందల అరవై. యార్డువాణ్ణి కాబట్టి ఫ్యాక్టరీలో ఎవరికీ పట్టలేదు. పెన్షన్ ఫండువాళ్లకి మాత్రం పట్టింది.

ఇదంతా విని అక్క గోడమీది క్యాలెండర్ వైపు చూసింది. తర్వాత బావని, “పోనీ, రెండు నెలలయ్యాక పని మానేస్తే పెన్షన్ ఇవ్వరా?” అని అడిగింది. మర్నాడు బావనీ వెంటబెట్టుకుని ఫండు ఆఫీసుకి వెళ్లాను.

ఉత్తరాల కింద సంతకం పెట్టిన గుమస్తా సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మర్యాదస్తులతో పోట్లాడటం నాకు చేతకాదు. బావ ఉత్తరం ముందు పెట్టి, వయసెందుకు పెంచారండీ అని అడిగాను.

“ఆరోగ్యం బాగుంటే ఎక్కువకాలం బతుకుతారు కదండీ,” అన్నాడు. “ఎక్కువకాలం బతికితే ఫండు ఎక్కువకాలం పెన్షనివ్వాలి. అంత సొమ్ము కూడాలంటే ఇంకో రెండేళ్లు పనిచెయ్యాలి.”

“అంటే బాగున్నందుకు శిక్షా?”

“శిక్ష కాదండీ. సర్దుబాటు.”

“మరి బాగోలేనివాడికి?”

“వాళ్లకి ముందే పెన్షనిచ్చి పంపేస్తాం. మీకిచ్చినట్టు.”

నాకు తలా తోకా తెలియలేదు. బాగుంటే పనిలో ఉండాలి. బాగోకపోతే ఇంటికి పోవాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! మరి మా ఇద్దరి దగ్గరికి వచ్చేసరికి అదే న్యాయం శీర్షాసనం ఎందుకు వేసింది? ఎందుకు వేసిందో నాకు తెలుసు, అదే బాధ.

గుమస్తా గొంతు తగ్గించాడు. “నిజానికి మీ పొడి సెక్షన్ సంగతి మాకూ విచిత్రంగానే ఉందండీ. టైల్స్ అచ్చొత్తే ప్రెస్సులో వాళ్ల అంకెలు తగ్గుతున్నాయి. బట్టీ దగ్గర వాళ్లవీ తగ్గుతున్నాయి. పొడిలో వాళ్లవి మాత్రం ఏటేటా బాగుపడుతున్నాయి. ఆ పొడిలో ఏదైనా మందు గుణం ఉందేమో కనుక్కోమని పైనుంచి అడిగారు కూడా.”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను మోచేతులు తుడుచుకున్నాను. బావకి నవ్వొచ్చింది. నవ్వు కాస్తా దగ్గయింది. గుమస్తా మంచినీళ్లు తెచ్చిచ్చి, “జలుబా అండీ?” అన్నాడు.

మెట్లు దిగుతూ మధ్యలో ఆగాం. అంటే ఆయన ఆగాడు, నేనూ ఆగాను. అప్పుడు నా బుర్రకెక్కింది. ఫండువాళ్లు చూసింది పదకొండు మంది ఊపిరి కాదు. ఒక్కడి ఊపిరిని పదకొండుసార్లు చూశారు. ఏటేటా ఇంకొకరి బదులు నేను ఊదుతుంటే, ఏటేటా ఇంకొకరు బాగుపడ్డారనుకున్నారు. పొడి సెక్షన్ ఆయుష్షంతా యార్డువాడి ఊపిరితో లెక్కకట్టారు. బావ మీద పడ్డ ఆ రెండేళ్లూ నేను ఊదినవే.

“బావా, ఆ వయసు పెంచింది నేనే,” అన్నాను.

“నోర్ముయ్. ఊదమన్నది నేను.”

“రెండేళ్లు నువ్వు ఆ మెట్లెక్కగలవా?”

ఆయన గోడ పట్టుకుని ఇంకో మెట్టు దిగాడు. “ఒకటి చెయ్యి,” అన్నాడు. “నువ్వు రోగివై ఇంట్లో కూర్చో. నేను పహిల్వాన్నై మర మెట్లెక్కుతాను. కాగితాల మీదైనా లెక్క సరిపోద్ది.” ఇలాంటప్పుడు జోకులేసే మనుషులంటే నాకు ఒళ్లు మంట. ఏడుపాపుకోవడం కష్టమవుతుంది.

బోర్డు దగ్గరికి నేనెలాగూ వెళ్లాలి. తనకి పరీక్ష అవసరం లేదని బావ ఎంత మొత్తుకున్నా, ఆయన పేరున కూడా అర్జీ పెట్టించాను. ఇద్దరికీ ఒకే రోజు ఇచ్చారు. అక్కడ వ్యానూ లేదు, కిటికీ లేదు. ఒక గది, రెండు కుర్చీలు, ఒక బెంచీ, ఎదురుగా డాక్టరమ్మ. ముందు బావని పిలిచింది. నన్ను బెంచీ మీద కూర్చోమంది.

బావ ఊదాడు. నూటతొంభై.

ఆమె ఫైలు చూసి కళ్లజోడు సర్దుకుంది. “పోయినేడు ఐదొందల ఇరవై వచ్చిందండీ మీకు. ఏడాదిలో ఇంత పడిపోదు. మీరు ఊదట్లేదు. గట్టిగా ఊదండి.”

మళ్లీ ఊదాడు. నూటఎనభై.

“చూడండి, పెన్షన్ కోసం ఊపిరి బిగపట్టేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఇంకోసారి. ఇంకా, ఇంకా, ఇంకా.”

బావ మెడ నరాలు తాళ్లలా లేచాయి. పెదవులు నల్లబడ్డాయి. గొట్టం వదిలేసి బల్ల అంచు పట్టుకుని దగ్గుతూ ఉండిపోయాడు. తొమ్మిదేళ్లు జబ్బులేనట్టు నటించినవాణ్ణి, ఇప్పుడు జబ్బు నటిస్తున్నావని నిలదీస్తుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు.

“ఆయన ఊపిరి అంతేనండీ,” అని లేచాను. “ఆ ఐదొందల ఇరవై నాది.”

ఆమె నా ఫైలు తిప్పింది. “మీదా? మీది రెండొందల అరవై. మీకసలు నడవడానికే ఆయాసం రావాలి.”

“అది ముప్పై మూడుసార్లు ఊదాక మిగిలిందండీ.”

ఆమెకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. మూడోసారి చెబుతుంటే నాకే అయోమయంగా అనిపించింది. ఎవరి అంకె ఎవరిదో, ఎవరి రోగం ఎవరి కాగితంలో ఉందో, చెప్పేకొద్దీ చిక్కుముడి బిగుస్తోంది తప్ప విడటం లేదు. చివరికి మాట మానేసి గొట్టం తీసుకుని ఊదాను. ఐదొందల ముప్పై.

డాక్టరమ్మ ఆ అంకె చూసింది, బావని చూసింది, నన్ను చూసింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఇంకెంతమందికి ఊదారు?”

బావ వద్దని తలూపాడు.

“సరే వినండి,” అంది. “ఈయన ఒక్కరి సంగతే అయితే పాత అంకెలు కొట్టేస్తాను. ఇవాళ్టిది మొదటి ఏడు. అనారోగ్య పెన్షన్‌కి వరసగా మూడేళ్లు కావాలి. రూలది. సెక్షన్ మొత్తం అంకెలు తప్పని తేలితే వేరే సంగతి. అందరికీ మళ్లీ పరీక్ష పెట్టి, ఆ వయసు పెంపు రద్దు చెయ్యమని నేనే రాస్తాను. పాతదాన్ని తవ్వి ఎవరి మీదా కేసు పెట్టను. కానీ వాళ్లంతట వాళ్లు రావాలి. శుక్రవారం మీ ఫ్యాక్టరీకి నేనే వస్తాను.”

మూడేళ్లు. బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “ఎవరినీ అడగొద్దురా,” అన్నాడు. “నా రెండేళ్ల కోసం పదిమంది అలవెన్సు పోగొడతావా?”

అడగొద్దంటే నేనాగానా? సాయంత్రం షిఫ్టు దిగే వేళకి బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి పదిమందికీ చెప్పేశాను. అందరూ తెల్లటి ముఖాలతో, పంపుల దగ్గర చేతులు కడుక్కుంటూ ఉన్నారు. చెప్పడం అయ్యేసరికి ఒక్క పంపు మాత్రమే కారుతోంది.

ముందు ఎగిరింది చిన్నోడు. సెక్షన్లో అందరికన్నా చిన్నవాడు, ముప్పై నాలుగేళ్లు. “నువ్వు చెప్పమంటే మేం చెప్పాలా అన్నా? నాకు దగ్గూ లేదు, ఏమీ లేదు. మీ బావకి బాగోకపోతే నేనెందుకు ప్యాకింగ్‌కి పోవాలి?”

“ఇన్నాళ్లూ అలవెన్సు తిన్నది ఎవరి ఊపిరి మీదరా?” అన్నాడొకడు.

“ఇన్నాళ్లూ పొడి తిన్నది ఎవరి ఊపిరి మీద?” అన్నాడు మేస్త్రీ. సెక్షన్‌కి పెద్ద ఆయన. గట్టిగా అనలేదు, తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ అన్నాడు. “వీడు ఊదకపోయుంటే ఆరేళ్ల కిందే నన్ను ప్యాకింగ్‌లో వేసుండేవాళ్లు. పెన్షన్ కొంచెం తగ్గేది. తీసుకోడానికి మనిషుండేవాణ్ణి.”

నేను ఊదినందువల్లే వాళ్లకి జీతం వచ్చింది. నేను ఊదినందువల్లే వాళ్లు ఆ దుమ్ములో ఉండిపోయారు. రెండూ నిజమే. దేనికి చేతులు జోడించాలో, దేనికి చెంపలేసుకోవాలో తెలియక అక్కడే నించుండిపోయాను. ఎవరూ వస్తామనలేదు, రామనీ అనలేదు. ఒక్కొక్కరే సైకిళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

శుక్రవారం వ్యాను వచ్చింది. డాక్టరమ్మ లోపల కూర్చోలేదు. యార్డులో బల్ల వేయించుకుని, ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా కూర్చుంది. పక్కన పరీక్షలాయన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. బావ ఒక్కడే ఎదురుగా బెంచీ మీద ఉన్నాడు. అక్కని ఇంటికి పొమ్మని పంపేశాం కానీ, గేటు బయట ఆమె కొంగు కనబడుతూనే ఉంది. పావుగంట గడిచింది.

మేస్త్రీ వచ్చాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. ఆయన వెనకాల ముగ్గురు, వాళ్ల వెనకాల ఇంకో నలుగురు. ఎవరి టోకెన్ వాళ్ల చేతుల్లో ఉంది. అందరి వెనకాల, బలవంతాన వచ్చినట్టు, చిన్నోడు. ఒకడు మాత్రం రాలేదు.

ఊదుతుంటే నేను పక్కనే ఉన్నాను. మేస్త్రీది నూటడెబ్భై. బావకన్నా తక్కువ. తర్వాతవాడిది రెండొందల పది. ఇంకొకడు మూడోసారి ఊదలేక బెంచీ మీద కూలబడ్డాడు. ఏడాదికోసారి వీళ్లందరి పేరునా నేను ఊదిన ఊపిరి ఏమైందా అనిపించింది. అది ఎవరి ఒంట్లోకీ వెళ్లలేదు, కాగితాల్లోకి వెళ్లింది. డాక్టరమ్మ మొదట పైకి చదివి రాసుకుంది. నలుగురయ్యాక చదవడం మానేసి ఊరికే రాసుకుంది.

చివరికి బావ, మేస్త్రీల కాగితాలు పక్కన పెట్టి, “మీరిద్దరూ ఇవాళ్టి నుంచి ఆ మెట్లెక్కొద్దు,” అంది. “వయసు పెంపు నిలవదు. ఈ అంకెలు చూశాక ఎవరూ నిలబెట్టలేరు. మీ యాభై ఎనిమిది మీకే ఉంటుంది.” బావ తలొంచుకుని కూర్చున్నాడు. సంతోషపడాల్సిన మనిషి తప్పు చేసినవాడిలా ఉన్నాడు. పక్కనున్నవాళ్లకి సోమవారం నుంచి అలవెన్సు లేదని ఆయనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు. మేస్త్రీ ఆయన మోకాలి మీద చెయ్యేసి అలాగే ఉంచాడు.

“మీరు కూడా ఊదాలి,” అంది డాక్టరమ్మ నాతో. “మీ కాగితం సరిచెయ్యాలిగా.”

తొమ్మిదేళ్లలో ఎవరికీ ఊదకుండా నా టోకెన్ నేను ఇచ్చుకోవడం అదే మొదటిసారి. పదిమంది చూస్తున్నారు. గొట్టం నోట పెట్టుకున్నాను. ఊపిరి రాలేదు. వాళ్ల ముందు అంత ఊపిరి తియ్యడానికి సిగ్గేసింది. మూడొందల పది వచ్చింది.

“ఇది కాదు మీది,” అందామె.

“ఇది చాలండీ.”

“ఊదరా,” అన్నాడు బావ బెంచీ మీద నుంచి. “తక్కువ రాయించుకుంటే అదీ అబద్ధమే అవుద్ది. నీది నువ్వు ఊదు.”

ఊదాను. ఐదొందల ముప్పై. ఆమె కాగితం చింపి నా చేతికిచ్చింది. నేను అరవై దాకా నిక్షేపంగా పనిచేయొచ్చంది. మంచిమాట విని అంత దిగులు పడ్డది నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే చిన్నోడు దగ్గరికొచ్చాడు. వాడి కాగితం వాడి చేతిలోనే ఉంది, రెండొందల నలభై. తిడతాడేమో అనుకున్నాను. తిడితే పడదామనుకున్నాను.

“అన్నా, అది ఒకసారి చూడనీ,” అన్నాడు.

ఇచ్చాను. రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు.

“నువ్వు ఊదేది ఊరికే జాగ్రత్త కోసం అనుకున్నానన్నా,” అన్నాడు. “నాకూ ఇంతే ఉంటుందనుకున్నాను.”